సవాలు ఒప్పుకోవాలా? ఎస్క్రిమా సాధన, ఆత్మరక్షణ గురించి ఒక సందేహం

ప్రశ్న అడిగినవారు: సినవాలి

నమస్కారం. నేను ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరంలో వైద్యవిద్య మూడో సంవత్సరం చదువుతున్నాను. పద్నాలుగు నెలలుగా, వారానికి మూడు సాయంత్రాలు, ఇక్కడి ఒక చిన్న క్లబ్బులో ఎస్క్రిమా అనే ఫిలిప్పీన్స్ కర్రసాము నేర్చుకుంటున్నాను. ఉత్తరాన లుజోన్ దీవి వైపు దీన్నే ఎక్కువగా అర్నిస్ అంటారు, అమెరికాకు వెళ్లినవారి నోట అది కాలీ అయింది. పన్నెండు దెబ్బల వరస, జంటకర్రల సినవాలి, ఎదురెదురుగా నిలబడి దెబ్బకు దెబ్బ తిప్పికొట్టుకునే సుంబ్రాదా, ఒక చేత కర్ర మరొక చేత చిన్న కత్తి పట్టే ఎస్పాదా ఇ దాగాలో తొలి పాఠాలు ఇంతవరకు వచ్చాయి. మా గురువుగారు అరవై దాటినవారు. కోప్పడరు, పొగడరు. నేను కాపు వదిలేసినప్పుడు తన కర్రను నా మణికట్టు మీద మెల్లగా ఆనించి, తప్పు నాకు తెలిసేదాకా తీయకుండా అక్కడే ఉంచుతారు.

ఇప్పుడు రెండు సంగతులు ఒకదానితో ఒకటి చిక్కుపడి నన్ను నిద్రపోనివ్వడం లేదు. రెండు నెలల క్రితం రాత్రి పదిన్నర ప్రాంతంలో జీప్నీ (ఇక్కడి చిన్న బస్సు) దిగి హాస్టల్‌కు నడుస్తుండగా ఒక వ్యక్తి వెనుకనుంచి వచ్చి, ఎన్నాళ్లుగానో పరిచయం ఉన్నవాడిలా నా భుజం మీద ఎడమచేయి వేశాడు. అదే క్షణంలో పక్కటెముకల కింద ఏదో గుచ్చుకుంది. నాకు దాని పిడి మాత్రమే కనబడింది. ఫోను ఇమ్మని ఇక్కడి భాష సెబువానోలో చాలా నెమ్మదిగా అడిగాడు, ఇచ్చేశాను. ఆ సమయంలో నా వీపు మీది సంచిలో రెండు రాటన్ (బెత్తం) కర్రలు ఉన్నాయి. వాటి సంగతి నాకు గది తలుపు తీసేటప్పుడు గాని గుర్తుకు రాలేదు. ఫోను తీసుకున్న మనిషి పరుగెత్తలేదు, నింపాదిగా నడిచి వెళ్లిపోయాడు. పోయిన ఫోనుకన్నా ఆ నడకే నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

రెండో సంగతి గత వారం జరిగింది. మరొక క్లబ్బులో సాధన చేసే ఒక పరిచయస్థుడు మా తరగతి చూడడానికి వచ్చి, కాసేపు నిలబడి, నలుగురు వింటుండగా ఇదంతా నాట్యమని అన్నాడు. ముఖానికి మాస్కు తప్ప చేతులకు తొడుగులేవీ లేకుండా, మెత్త చుట్టని మామూలు రాటన్ కర్రలతో తనతో తలపడితే నాకు వచ్చిందెంతో తేలిపోతుందని సవాలు చేశాడు. గురువుగారిని అడిగితే "చేయి నీది, ఇష్టం నీది" అని ఊరుకున్నారు. నిజం చెప్పాలంటే ఒప్పుకోవాలనే ఉంది.

ఇలాంటి సవాళ్లు ఈ విద్యా సంప్రదాయంలో భాగమేనా? అటువంటి పోటీలలో నలిగి ఉంటే ఆ రాత్రి నేను వేరే విధంగా ప్రవర్తించి ఉండేవాణ్నా? సాధనలో ఏం మార్చుకోవాలి? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: పాత బాస్టన్

సినవాలి గారూ, మీరు అడిగిన మూడింటిలో మొదటిది సులభమైనది కనుక అక్కడినుంచే మొదలుపెడతాను. సెబూలో ఉద్యోగం చేసిన తొమ్మిదేళ్లూ కర్ర పట్టాను, ఆ తర్వాత కూడా వదలలేదు.

ఈ విద్యలో సవాళ్లు లేవంటే అబద్ధమవుతుంది. 1932లో సెబూలో డోసె పారెస్ సంఘం ఏర్పడినప్పుడు సావెద్రా, కన్యెతె కుటుంబాలవారు దానికి వెన్నుదన్నుగా నిలిచారు. తర్వాతి కాలంలో అందులోనుంచి వేరుపడిన వెనాన్సియో బాకోన్ బాలింతవాక్ వీధిలో తన ఒంటికర్ర పద్ధతిని నిలబెట్టాడు, ఆ వీధి పేరే ఆ పద్ధతికి పేరయింది. ఈ రెండు పక్షాల మధ్య ఏళ్ల తరబడి నడిచిన పోటీ గురించి, ఫియెస్తాలలో (ఊరి పండుగలలో) రక్షణ తొడుగులేమీ లేకుండా ఆడిన హువేగో తోదో పోరాటాల గురించి సెబూలోని ప్రతి పాత క్లబ్బులోనూ కథలు వినిపిస్తాయి. వినండి, బాగుంటాయి. కాకపోతే వాటిని చెప్పేది ఎప్పుడూ గెలిచినవాడి శిష్యులేనని, ఓడినవాడి వేళ్లు ఆ తర్వాత ముడుచుకున్నాయో లేదో ఏ కథలోనూ ఉండదని గుర్తుంచుకుని వినండి.

ఆ తరంవారే ఆ పద్ధతినుంచి పక్కకు జరిగారన్నది మీ మిత్రుడు మరచిన సంగతి. ప్రత్యర్థి చేతిని కొట్టి నేర్పే పాత అలవాటుకు భయపడి కుర్రవాళ్లు విద్యకే దూరమవుతున్నారని గ్రహించి, సాధనలో చేతికి బదులు కర్రను కొట్టించే పద్ధతిని తన మోడర్న్ అర్నిస్‌లో ముందుకు తెచ్చినవాడు నెగ్రోస్ దీవిలోని హినిగారన్‌లో పుట్టిన రెమి ప్రెసాస్. 1979 నాటికి తొడుగులతో, నియమాలతో పోటీలు మొదలయ్యాయి. 1989లో ప్రపంచ స్థాయి పోటీ సెబూలోనే జరిగింది. 2009 డిసెంబరులో 9850వ నంబరు చట్టంతో అర్నిస్ ఫిలిప్పీన్స్ జాతీయ యుద్ధకళ, జాతీయ క్రీడ అయింది. కాబట్టి సంప్రదాయం పేరు చెప్పి మిమ్మల్ని ఎవరైనా చేతి తొడుగులు లేకుండా రమ్మంటే, ఆ సంప్రదాయంలోనే తొడుగులు వేసుకోవడం కూడా ఉందని చెప్పవచ్చు.

ఇక నాట్యమన్న మాట దగ్గరికి వస్తాను. అందులో సగం నిజముంది, ఆ సగం నిజమే మిమ్మల్ని గుచ్చుతోందని నా అనుమానం. సినవాలి అనే మాట వెదురుబద్దలతో అల్లే సవాలి తడికనుంచి వచ్చింది. అల్లికలో ఏ బద్ద తర్వాత ఏది వస్తుందో చేతికి ముందే తెలుసు. సుంబ్రాదాలోనూ అంతే, అవతలివాడు ఒకటో దెబ్బ వేస్తాడని తెలిసి మీరు కాచుకుంటారు, మీరు నాలుగోది వేస్తారని తెలిసి అతను కాచుకుంటాడు. ఈ అల్లిక దూరాన్ని, కోణాన్ని, పాదం పెట్టే చోటును, ఖాళీగా ఉన్న ఎడమచేతిని పనిలో ఉంచడాన్ని మీ ఒంటికి అలవాటు చేస్తుంది. ఏ దెబ్బ వస్తుందో తెలియనప్పుడు ఎంచుకోవడాన్ని మాత్రం నేర్పదు. గుణింతం రాసినంత మాత్రాన ఉత్తరం రాయడం వచ్చినట్టు కాదు, అయినా గుణింతం రానివాడు ఉత్తరం ఎలాగూ రాయలేడు.

అందుకు క్లబ్బు మారనక్కరలేదు. సుంబ్రాదా ఆడుతుండగా మీ జోడీని తనకు తోచినప్పుడు వరస తప్పించమనండి. ఒకసారి అరక్షణం ఆగి కొట్టమనండి, ఒకసారి కొట్టకుండా వెనక్కి జరగమనండి, మరొకసారి ఎడమచేత్తో మీ కర్రను పట్టేయమనండి. మొదటి వారం ఆట ప్రతి పది సెకన్లకూ చెడిపోతుంది, చెడిపోనివ్వండి. బాలింతవాక్ పద్ధతిలో గురువే దెబ్బలు అందిస్తూ, శిష్యుడి స్థాయిని బట్టి వేగాన్నీ వరసనూ మార్చుతూ నడిపించే అగాక్ అనే అభ్యాసం ఉంది. మీ గురువుగారు ఏ శాఖవారో మీరు రాయలేదు గాని, మణికట్టు మీద కర్ర ఆనించి ఉంచే మనిషికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. అడిగి చూడండి. పాతవాళ్లలో చాలామంది అడగందే ఇవ్వరు.

ఆ రాత్రి గురించి. భుజం మీద ఒక చేయి, పక్కటెముకల కింద మొన, కర్రలు సంచిలో. నాకు తెలిసిన గురువుల్లో ఎవరు ఆ స్థితిలో ఉన్నా ఫోను ఇచ్చేవారే. ఫోను పోయింది, ఊపిరితిత్తి మిగిలింది, బేరం మంచిదే. మీరు నన్ను అడగవలసిన ప్రశ్న అంతకు ముందటి అర నిమిషానిది. ఎస్క్రిమాలో లార్గో (ఎడం), మెదియో (మధ్య), కోర్తో (దగ్గర) అని మూడు దూరాలు నేర్పుతారు కదా. అతను జీప్నీ ఆగినచోటునుంచే మీ వెనుక నడిచి ఉంటాడు. లార్గో దాటాడు, మెదియో దాటాడు, కోర్తోలోకి వచ్చి చేయి వేసేదాకా మీకు తెలియలేదు. 1983లో డెనిస్ ట్యూలర్ అనే అమెరికన్ పోలీసు శిక్షకుడు, కత్తి పట్టిన మామూలు మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు ఒకటిన్నర సెకన్లలో దాటగలడని చూపించాడు. ఒరలోని తుపాకీ తీసి పేల్చడానికి శిక్షణ పొందినవాడికి పట్టే సమయం కూడా దాదాపు అంతే. సంచి జిప్పు తీసి కర్ర పట్టుకోవడానికి మీకు ఎంత పడుతుందో ఒకసారి గడియారం పెట్టి చూసుకోండి. నేను చూసుకున్నప్పుడు ఏడు సెకన్లు పట్టింది, అదీ జిప్పు ఇరుక్కోకపోతే.

అందువల్ల ఆ సవాలులో గెలిచినా ఆ రాత్రి మారేది కాదు. రెండింటినీ మీరు ఒకే తాటికి కట్టడం వల్లనే ఇంత బరువుగా అనిపిస్తున్నది.

జవాబు: పదకొండో ఆర్టికల్

కర్ర పట్టడంలో నాకు ప్రవేశం లేదు. మనీలాలో నా ఉద్యోగమంతా ఫిలిప్పీన్స్ చట్టాలతోనే గనుక, ఈ చర్చలో ఎవరూ తాకని ఒక విషయం చెప్పి తప్పుకుంటాను. సొంత వ్యవహారం దాకా వస్తే అక్కడి న్యాయవాదినే సంప్రదించాలని వేరే చెప్పనక్కరలేదు.

1932 జనవరి 1నుంచి అమలులో ఉన్న ఇక్కడి శిక్షాస్మృతిలో ఆత్మరక్షణ 11వ ఆర్టికల్ కిందికి వస్తుంది. దానికి మూడు షరతులు ఉన్నాయి. అవతలివాడినుంచి చట్టవిరుద్ధమైన దాడి ఉండాలి, దాన్ని ఆపడానికి వాడిన సాధనం ఆ పరిస్థితిలో సహేతుకంగా అవసరమైనదై ఉండాలి, రక్షించుకున్నవాడు తగినంత కవ్వింపు ఇచ్చి ఉండకూడదు. వీటిలో మొదటిది లేకపోతే మిగతా రెండూ ఉన్నా ప్రయోజనం లేదు. దాడి ఆగిపోయాక, అంటే మీ విషయంలో ఆ మనిషి ఫోను తీసుకుని నడిచి వెళుతున్నప్పుడు, వెనుకనుంచి కర్రతో కొట్టి ఉంటే న్యాయస్థానం దాన్ని ప్రతీకారంగా చూసే అవకాశమే ఎక్కువ. ఆ నడక మిమ్మల్ని ఎంత బాధించినా, ఆ నడక మొదలైన క్షణంలోనే మీ 11వ ఆర్టికల్ బలహీనపడింది.

ముందే ఒప్పుకుని చేసుకునే కొట్లాటకు ఈ రక్షణ దొరకడం మరీ కష్టం. ఇద్దరూ సమ్మతించి తలపడినప్పుడు దాడి ఇరువైపులనుంచీ ఉన్నట్టేనని, అందులో ఒకరు మరొకరిమీద ఆత్మరక్షణ వాదన తేలేరని ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పులు చెబుతూ వచ్చాయి. కాబట్టి చేతి తొడుగులు లేని ఆ పోరులో మీ దెబ్బకు అతని చేయి విరిగితే, అతనే ముందు కొట్టాడన్న మాట మిమ్మల్ని కాపాడదు.

మరొక ముచ్చట. అదే స్మృతిలో 260, 261 ఆర్టికల్స్ ద్వంద్వయుద్ధం గురించినవి. చట్టం దృష్టిలో ద్వంద్వయుద్ధమంటే ఇరుపక్షాలా సాక్షులు నిలబడి, ఆయుధాలూ షరతులూ కుదిర్చి, ముందే ఏర్పాటు చేసిన పోరు. క్లబ్బులో జరిగే స్పారింగ్ (అభ్యాసపు పోరు) దాని కిందికి రాదు, కనుక మీ మిత్రుడిమీద ఎవరూ కేసు పెట్టరు. కానీ 261వ ఆర్టికల్ సవాలు విసిరినవాణ్నే కాక, సవాలును నిరాకరించినవాణ్ని నలుగురిలో ఎగతాళి చేసినవాణ్ని కూడా శిక్షార్హుడిగా చూస్తుంది. సవాలును కాదనడానికి మనిషికి ఎంత కష్టమో దాదాపు వందేళ్ల క్రితం ఆ చట్టం రాసినవారికి తెలుసన్నమాట.

సంచిలోని కర్రల విషయం కూడా చెప్పాలి. 1978 నాటి బతాస్ పంబన్సా 6 అనే చట్టం ప్రకారం ఇంటి బయట కత్తులూ మొనదేలిన ఆయుధాలూ మొద్దు ఆయుధాలూ వెంట పెట్టుకుని తిరగడం నేరం. జీవనోపాధికో, చట్టబద్ధమైన మరో పనికో అవసరమైన పనిముట్లకు మినహాయింపు ఉంది. సాధనకు వెళుతూ వస్తూ సంచిలో కర్రలు ఉండడానికి మీ దగ్గర కారణం ఉంది. ఫోను పోయిందన్న ఉక్రోషంతో జేబులో బలిసోంగ్ మడతకత్తి వేసుకుని తిరగడానికి మాత్రం లేదు. మీరు ఆ పని చేస్తున్నారని అనడం లేదు, దోపిడీ జరిగాక చాలామందికి మొదట వచ్చే ఆలోచన అదే గనుక చెబుతున్నాను.

జవాబు: కోర్తో

పాత బాస్టన్ గారితో సగం ఏకీభవిస్తాను. సవాలుకూ ఆ రాత్రికీ సంబంధం లేదన్నది నిజమే. అయినా నన్నడిగితే సినవాలి గారు తలపడాలి. షరతులు మాత్రం సవాలు చేసినవాడివి కాకూడదు.

నేను రక్షణ లేకుండా రెండుసార్లు ఆడాను. మొదటిసారి నలభై సెకన్లలో నా కుడి చూపుడువేలి కణుపు వాచి, మూడు వారాలు కలం పట్టుకోలేకపోయాను. రెండోసారి తలమీదికి వచ్చే దెబ్బకు ఎడమ ముంజేయి అడ్డం పెట్టాను. ముంజేయి అడ్డం పెట్టినప్పుడు అల్నా ఎముక ఒక్కటే విరగడాన్ని లాఠీ దెబ్బ పేరుతోనే మీ ఎముకల పుస్తకంలో చదివే ఉంటారు. నాది విరగలేదు, చీలింది. ఈ రెండు ఆటలలో నేను నేర్చుకున్నదాన్ని మంచి గ్లవ్స్ వేసుకుని వారానికి ఒకసారి చొప్పున నెలలో నేర్చుకోవచ్చునని తర్వాత తెలిసింది. మీరు రేపు శస్త్రచికిత్స చేయవలసిన మనిషి. వేళ్ల మీద జూదమాడకండి.

తొడుగులు ఎక్కువైనా చిక్కే. మందమైన మెత్త కోటు, ఇనుప జాలీ ఉన్న హెల్మెట్ వేసుకుని ఆడే పోటీలలో దెబ్బ తగిలిన స్పృహే ఉండదు కాబట్టి ఇద్దరూ కాపు వదిలేసి వడ్లు దంచినట్టు దంచుకుంటారు. 1980ల చివర కాలిఫోర్నియాలో మొదలైన డాగ్ బ్రదర్స్ బృందం ఫెన్సింగ్ మాస్కులు, పలుచని గ్లవ్స్ మాత్రమే పెట్టుకుని నిజమైన రాటన్ కర్రలతో ఆడింది. ఆ ఆటలు చూసినవారికి అర్థమయ్యేది ఏమిటంటే, రెండు మూడు దెబ్బల్లోనే దూరం కరిగిపోయి ఇద్దరూ పెనుగులాటలో పడతారు, అక్కడినుంచి పని దుమోగ్ కుస్తీది. పాఠంలో పది రకాలుగా చేసే నిరాయుధీకరణలు నిజమైన ఆటలో అరుదుగా కుదురుతాయి. కర్ర చేతిలోంచి జారేది ఎక్కువగా వేలికి దెబ్బ తగిలినప్పుడే. మాస్కు గురించి కూడా ఒక మాట. ఫెన్సింగ్ మాస్కు సన్నని కత్తి మొనకోసం చేసినది. ముఖాన్నీ నడినెత్తినీ కాస్తుంది గాని తల వెనుక భాగం ఖాళీగా ఉంటుంది, అబానికో దెబ్బ మణికట్టు తిప్పుకుని సరిగ్గా అక్కడికే వస్తుంది. వెనుక మెత్త కుట్టించుకోకుండా ఆడవద్దు.

నా షరతులు ఇవి: మాస్కు, మెత్త ఉన్న గ్లవ్స్, మోచేతికీ మోకాలికీ కాపు, 28 అంగుళాల తేలికైన రాటన్, రెండు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, ఇరువైపుల గురువుల్లో ఒకరైనా ఎదురుగా ఉండాలి, ఎవరు చాలన్నా అక్కడితో ఆపాలి. కమగోంగ్ కర్ర తెస్తానంటే ఇంటికి వెళ్లిపొమ్మనండి. అది ఇనుములాంటి చెక్క, రాటన్‌లా పీచు తేలి ఊరుకునే రకం కాదు. ఇన్ని షరతులు విన్నాక అతను వెనక్కి తగ్గితే, అతనికి కావలసింది ఆట కాదని మీకే తెలుస్తుంది.

ఆత్మరక్షణ గురించి తెలుసుకోవాలంటే ఆ మూడు రౌండ్లకన్నా ఉపయోగపడే ప్రయోగం ఒకటి ఉంది, ఖర్చు కూడా లేదు. పాత తెల్ల చొక్కా వేసుకోండి. మీ జోడీ చేతికి మూత తీసిన ఎర్ర మార్కర్ ఇవ్వండి. తరగతిలో చేసినట్టు చేయి చాచి ఒక పోటు పొడిచి అలాగే నిలబడవద్దని, ఎడమచేత్తో మీ కాలరు పట్టుకుని, మార్కర్‌ను తొడ వెనుక దాచి ఉంచి, తనకు తోచినప్పుడు కుట్టుమిషన్ సూదిలా పొడవమనండి. మీరు నేర్చుకున్నదంతా వాడండి. ఇరవై సెకన్ల తర్వాత చొక్కా విప్పి గీతలు లెక్కపెట్టండి. నేను పదకొండేళ్ల సాధన తర్వాత మొదటిసారి చేసినప్పుడు చొక్కామీద తొమ్మిది, అరచేతిలో మూడు ఉన్నాయి. అరచేతి గీతల అర్థం నాకన్నా మీకే బాగా తెలుసు, వేళ్లను ముడిచే స్నాయువులు అక్కడే కదా తెగుతాయి. ఆ తర్వాత అదే ఆటను కాలరు పట్టుకోకముందే పక్కకు జరిగి పరుగెత్తే నియమంతో ఆడండి. నా చొక్కామీద రెండు గీతలే పడ్డాయి. ఆ రెండూ ఎందుకు పడ్డాయో చూసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

జవాబు: పాత బాస్టన్

కోర్తో గారి షరతులకు నాకు అభ్యంతరం లేదు. ఒక్కటి కలుపుతాను. సవాలు నలుగురి ముందు వచ్చిందని ఆటను కూడా నలుగురి ముందు పెట్టవద్దు. జనం ఉంటే చాలన్న మాట నోటినుంచి రాదు.

జవాబు: సినవాలి (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి, మధ్యలో పరీక్షలు వచ్చాయి. జరిగింది చెబుతాను.

షరతులన్నీ ఒక కాగితం మీద రాసి ఆ మిత్రుడికి ఇచ్చాను. చదివి నవ్వాడు, గ్లవ్స్ దగ్గర బేరమాడాడు, చివరికి ఒప్పుకున్నాడు. ఒక ఆదివారం ఉదయం మా క్లబ్బులోనే, మా గురువుగారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ ఉండగా, మరెవరూ లేకుండా ఆడాము. మొదటి రౌండు అంతా అతనిదే. నా కర్ర సుంబ్రాదా వరసలోనే వెళ్లాలని చూసింది, అతను ఆ వరసలో ఎక్కడా నిలబడలేదు. రెండో రౌండులో దూరంగా ఉండి, అతని తలకోసం చూడకుండా కర్ర పట్టిన చేతికోసమే చూశాను. నాలుగైదుసార్లు తగిలింది. మూడోది కోర్తో గారు చెప్పినట్టే పెనుగులాట అయింది, ఇద్దరం గోడకు గుద్దుకున్నాము, గురువుగారు కప్పు కింద పెట్టి చాలన్నారు. ఎవరు గెలిచారో ఎవరూ అనలేదు. అతను మా తరగతిని మళ్లీ నాట్యమనలేదు, అలాగని ఆ మాట వెనక్కీ తీసుకోలేదు.

అసలు విషయం ఆ తర్వాతిది. ఇంకా చెమట ఆరకముందే మార్కర్ ప్రయోగం చేద్దామని అడిగితే వెంటనే సరేనన్నాడు. నా చొక్కామీద ఎనిమిది, అతని చొక్కామీద పది. ఆ చొక్కా చేతిలో పట్టుకుని అతను చాలాసేపు మాట్లాడలేదు. నాకు మాత్రం, ఇలా అనడం వింతగా ఉంటుంది గాని, కొంత తేలికయింది. ఆ రాత్రి నేను చేతులు కదిలించి ఉంటే ఏమయ్యేదో బట్టమీద లెక్కపెట్టుకునేలా కనబడింది. గురువుగారు రెండు చొక్కాలూ చూసి, కుర్చీలోనుంచి లేచి, గది ఆ మూలనుంచి ఈ మూలకు నా వెనుక నడుస్తూ వస్తానని, తన అడుగు చప్పుడు మారిన క్షణంలో పక్కకు తిరగమని చెప్పి, ఆ రోజునుంచి ప్రతి తరగతిలోనూ పది నిమిషాలు అదే చేయిస్తున్నారు. నేను అడిగినందుకేనేమో. రోజుకు రెండుసార్లయినా నా భుజం మీద చేయి పడుతూనే ఉంది.

అగాక్ సంగతి కూడా అడిగాను. "ఇన్నాళ్లూ అడగలేదేం?" అన్నారు.

ఒక్క చిన్న నష్టం. గ్లవ్స్ ఉన్నా మూడో రౌండులో గోడకు గుద్దుకుని పడబోతూ కుడి అరచేయి ఆనించాను. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, నొక్కితే నొప్పిగా ఉంది. వాపు పెద్దగా లేదు. ఇంకో రెండు రోజులు కట్టు కట్టి చూద్దామనుకుంటున్నాను.

జవాబు: కోర్తో

మూడో సంవత్సరం వైద్యవిద్యార్థికి నేను చెప్పవలసి రావడం బాగాలేదు గాని, చేయి చాచి పడ్డాక బొటనవేలు మొదట్లోని ఆ గుంటలో నొప్పి ఉంటే అది స్కాఫాయిడ్ అనే మణికట్టు ఎముక పగిలిన గుర్తు కావచ్చు. రెండు రోజులు ఆగవద్దు, ఈరోజే ఎక్స్‌రే తీయించండి. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోయినా చేతికి కట్టు ఉంచుకుని పది పద్నాలుగు రోజులకు మళ్లీ తీయించండి, ఆ పగులు ఆలస్యంగా బయటపడుతుంది. అంతవరకు ఎడమచేత్తో సాధన చేయండి. మీ గురువుగారు కర్ర ఆనించడానికి ఆ ఎడమ మణికట్టు ఎలాగూ కొత్తదే.